స్థాయి పెంచే మీట

రేవుల శాఖ బ్యాండులో ఓబో అనే వాద్యం ఒకటుందన్న సంగతి ఆ శాఖలోనే చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందీ దాన్ని సన్నాయి అనేవారు. గవ్వలరేవుకి కొత్త ఓడ వచ్చినా, మంత్రిగారు వచ్చినా, జెండా పండగ వచ్చినా బ్యాండు వాయించాల్సిందే. ఇత్తడి బూరాల మోతలో, డ్రమ్ముల దడదడలో ఓబో గొంతు ఎవరికీ విడిగా వినపడేది కాదు. దాన్ని వాయించే మైలపల్లి ఎల్లాజీకి మాత్రం వినపడేది. అతనికి అది చాలు.

ఎల్లాజీ తండ్రి సముద్రం మీద వేటకి వెళ్లేవాడు. ఎల్లాజీకి పడవెక్కితే కడుపులో తిప్పేది. నాలుగుసార్లు చూసి, అయిదోసారి తండ్రి అతన్ని పడవ దగ్గరికి కాక బ్యాండు మాస్టరు దాట్ల వెంకటపతిరాజు గారి దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఈడు నీళ్లమీద పనికిరాడు బాబూ. గాలితో చేసే పనేటన్నా ఉంటే సెప్పండి" అన్నాడు.

రాజుగారి దగ్గర అప్పటికి ఎవరూ ముట్టుకోని వాద్యం ఓబో ఒక్కటే. నోట్లో పెట్టుకునే రెల్లు చీలిక ఏమాత్రం తేడా వచ్చినా బాతు అరిచినట్టు అరుస్తుందని అందరూ దాన్ని వదిలేశారు. ఎల్లాజీ వదల్లేదు. కొన్నేళ్లకి బాతు పోయి పాట వచ్చింది.

ఒక వేసవిలో, గోధుమల ఓడకి స్వాగతం పలుకుతుండగా, ఆ పాత ఓబో పైముక్క నిలువునా పగిలింది. రాజుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అతికినా లాభం లేదని తేల్చి, కొత్తదానికి అర్జీ పెడదామన్నారు. ఇద్దరూ కలిసి కంపెనీవాళ్ల కేటలాగు ముందేసుకుని కూర్చున్నారు. అందులో ఓబోలు రెండు రకాలున్నాయి. ఒకదానికి స్థాయి మార్చే మీటలు రెండు. ఇంకోదానికి మూడు.

"కిందిస్థాయిలోంచి పైస్థాయికి ఎక్కడానికి ఒక మీట. ఇంకాస్త పైకి వెళ్లడానికి ఇంకోటి. ఈ మూడోది ఆ పైన, ఎవడూ పోని చోట ఉండే రెండు మూడు స్వరాల కోసం. మనకెందుకయ్యా ఇది?" అన్నారు రాజుగారు.

"ఉంటే ఉంటాది గదా మాస్టారూ."

"మనం వాయించే పాటల్లో అంత ఎత్తుకి పోయేది ఒక్కటీ లేదు."

"రేపొద్దున వొత్తే?"

రాజుగారు కళ్లజోడు మీంచి చూసి నవ్వారు. మూడు మీటలదానికే అర్జీ రాశారు.

శాఖలో వ్యవహారమంతా తెలుగులోనే జరగాలని అప్పట్లో గట్టి పట్టుదల ఉండేది. అందుచేత ఆ అర్జీలో మూడో కీ అన్నది బల్లలు మారి మారి చివరికి 'స్థాయిని పెంచు అదనపు మీట' అయింది. ఆ పేరుతోనే ఖాతాల అధికారిణి చిత్రపు హైమవతి గారి దగ్గరికి చేరింది. ఆవిడ ఎల్లాజీని పిలిపించారు.

"ఈ అదనపు మీట వల్ల ప్రయోజనమేమి?" అని అడిగారు.

"పైకి ఎల్తాది మేడమ్."

"ఏది?"

"సొరం మేడమ్."

"ప్రస్తుతం అది వెళ్లడం లేదా?"

"ఎల్తాది. కానీ అంత పైకి ఎల్లదు."

"అంత పైకి వెళ్లవలసిన ఆవశ్యకత ఎంత తరచుగా ఏర్పడుతుంది? అది చెప్పండి. అదనపు అనే మాట ఉన్న ప్రతిదానికీ ఆవశ్యకత చూపించాలి. లేనిచో కొట్టివేయడం మా కర్తవ్యం."

ఎప్పుడో ఒకసారి అన్న మాట ఎల్లాజీ నాలిక చివర దాకా వచ్చింది. అదే నిజం. కానీ ఆవిడ చేతిలో ఎర్ర కలం ఉంది. మీటతో మొదలుపెట్టిన కొట్టివేత మీటతో ఆగుతుందో, మొత్తం ఓబో దాకా పోతుందో ఎవరికి తెలుసు? అతను దిక్కులు చూస్తుంటే ఆవిడ వెనక కూర్చున్న గుమాస్తా లోవరాజు పెదవులతోనే "గట్టిగా చెప్పు" అన్నట్టు సైగ చేశాడు.

"అది నేకపోతే బ్యాండే నేదు మేడమ్" అన్నాడు ఎల్లాజీ.

హైమవతి గారు కలం మార్చి నీలి సిరాతో రాసుకున్నారు. 'సదరు మీట లేనిదే బ్యాండునకు మనుగడ లేదని వాద్యకారుడు ఇందుమూలముగా తెలియజేసినాడు.'

అలా ఓబో వచ్చింది. నీలం మఖమలు పరిచిన పెట్టెలో మూడు ముక్కలుగా పడుకుని వచ్చింది. ఎల్లాజీ దాన్ని ఇంటికి తెచ్చి భార్య నూకరత్నానికి చూపించాడు.

"ఏటిది, పెళ్లికూతురికి పెట్టినట్టు ఇన్ని ఎండి సరుకులెట్టారు?" అంది ఆవిడ.

ఎల్లాజీ డాబా ఎక్కి, సముద్రంకేసి తిరిగి, ఎడమచేతి బొటనవేలితో మూడో మీట నొక్కి ఊదాడు. స్వరం సన్నగా, నిటారుగా, ఎక్కడా తొణక్కుండా లేచింది. అతనికి ఒళ్లు జలదరించింది. దిగి వచ్చాక నూకరత్నం, "ఏ పాటలోదది?" అని అడిగింది.

"ఏ పాటలోదీ కాదు" అన్నాడు.

ఆ తరవాత ఆ మీట జోలికి వెళ్లే పని పడలేదు. ఏడాది తిరిగాక ఆడిట్ వాళ్లు వచ్చారు. వాళ్లకి ఆ ఫైలు దొరికింది. మనుగడకే ఆధారమని చెప్పిన వస్తువుని ఒక్కసారీ వాడకపోవడమేమిటని వాళ్లు అడిగారు. అడగవలసిన మాటే. 'నిరుపయోగంగా పడియున్న ప్రభుత్వ ఆస్తి' అని రాసి, కింద గీత గీసి వెళ్లిపోయారు.

ఆ నెలలోనే కొత్త కమిషనరుగా నిడుమోలు హయగ్రీవరావు గారు వచ్చారు. ఆయనకి స్థాయి అన్న మాటంటే ప్రాణం. వచ్చిన రోజునే గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా స్థాయి బాగాలేదన్నారు. ఆయన బల్లమీదికి ఆడిట్ ఫైలు వెళ్లేసరికి 'స్థాయిని పెంచు మీట' అన్న మాట దగ్గర ఆయన కళ్లు నిలిచిపోయాయి. వెంటనే సమావేశం పెట్టారు.

"స్థాయిని పెంచే మీట మన శాఖ అధీనంలో ఉండగా, మన శాఖ స్థాయి ఇంతవరకు ఎందుకు పెరగలేదు?" అని ఆయన ప్రశ్న.

రాజుగారు లేచారు. "అయ్యా, అది స్వరం స్థాయి. మంద్రం, మధ్య, తారం అంటాం చూడండి, ఆ స్థాయి."

"స్థాయి స్థాయే కదండీ రాజుగారూ."

"కాదండీ, ఆ మీట మన పాటలకి అవసరం పడదు."

"మీట పాటలకి అవసరం పడకపోతే, పాటల్ని మీటకి అవసరమయ్యేలా తీర్చిదిద్దండి. వనరులకి అనుగుణంగా కార్యక్రమాలు రూపొందించుకోవడమే పరిపాలన."

హైమవతి గారు ఈ వాక్యాన్ని రాసుకున్నారు. సాయంత్రానికల్లా అది ఉత్తర్వయింది. శాఖ బ్యాండు పాల్గొను ప్రతి కార్యక్రమంలోనూ, ప్రతి గీతంలోనూ, మూడో మీటను విరివిగా వినియోగించవలెను.

రాజుగారు పాటలన్నీ తిరగరాశారు. ఓబో వాయించే భాగాలన్నీ పైస్థాయికి ఎత్తారు. రాస్తూ రాస్తూ ఒకసారి తలెత్తి, "నిన్ను మేడమీద కూర్చోబెట్టి నిచ్చెన తీసేస్తున్నానయ్యా ఎల్లాజీ" అన్నారు.

"నానే అడిగాను గదా మాస్టారూ" అన్నాడు ఎల్లాజీ.

కొత్త గోదాము ప్రారంభానికి మొదటిసారి ఆ పాటలు వాయించారు. స్వాగత గీతం రెండో వరసకి వచ్చేసరికి గోదాము చుట్టుపక్కల కుక్కలన్నీ మూతులు పైకెత్తి అందుకున్నాయి. స్వాగతం పలకడానికి పూలు పట్టుకుని నిలబడ్డ బడిపిల్లలు పూలు కింద పెట్టి చెవులు మూసుకున్నారు. రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషి మెడ భుజాల్లోకి దిగబడిపోయింది. రిబ్బను బదులు తన కండువా అంచు కత్తిరించుకున్నాడు.

కార్యక్రమం అయ్యాక కమిషనరు గారు ఎల్లాజీ భుజం తట్టారు. "ఇంతకాలానికి మన బ్యాండులో ఓబో ఉందని అందరికీ తెలిసింది" అన్నారు. అది నిజమే. ఆ రోజు నుంచి ఊళ్లో ఎల్లాజీని ఎరగనివాళ్లు లేరు. ఎదురుపడితే పక్కసందులోకి తిరిగేవారు కూడా.

అంత పైస్థాయిలో పొద్దస్తమానం ఊదడానికి మనిషి శరీరం తయారుకాలేదు. ఎల్లాజీ పెదవులు చిట్లాయి. కణతలు పోటెత్తాయి. ఇంటికొస్తే గంజి తప్ప గొంతు దిగేది కాదు.

"ఆ మీట ఇరిగిపోయిందని సెప్పు" అంది నూకరత్నం.

"ఇరిగితే మనుగడ పోద్దంట. నానే సెప్పాను, రాసుకున్నారు."

"మరి తిను. ఎవరు సెప్పమన్నారు" అని ఆవిడ గంజిలో ఇంకాస్త ఉప్పు వేసింది.

వినియోగం నిజంగా జరుగుతోందా లేదా అన్నది తేల్చడానికి శాఖ గుమాస్తా లోవరాజుని మీట పర్యవేక్షకుడిగా నియమించింది. మీట ఎడమ బొటనవేలి దగ్గర ఉంటుంది కనక, లోవరాజుకి ఎల్లాజీ ఎడమపక్కన ఒక మడత కుర్చీ వేశారు. బ్యాండు కవాతు చేస్తూ నడిచేటప్పుడు లోవరాజు కూడా కుర్చీ చంకన పెట్టుకుని, మెడ పక్కకి వాల్చి, బొటనవేలి మీదనుంచి చూపు తిప్పకుండా నడిచేవాడు. రెండుసార్లు కాలవలో పడ్డాడు. ఆనాడు గట్టిగా చెప్పమని సైగ చేసినవాణ్ని నేనే గదా అని అతను గొణుక్కునేవాడు. కానీ లెక్క మాత్రం తప్పేవాడు కాదు. ఆ లెక్కలు కమిషనరు గారి గదిలో రంగు రంగుల పటాలుగా వెలిసేవి.

ఒకరోజు ఆ పటాలు చూస్తూ కమిషనరు గారికి ఒక సందేహం వచ్చింది. స్థాయి పెంచే అవకాశం ఒక్క ఓబోకే కల్పించి, తక్కిన వాద్యాలకి నిరాకరించడం సమన్యాయమేనా? వారం తిరక్కుండా బూరాలకీ, తాళాలకీ, డ్రమ్ములకీ కూడా తలా ఒక మీట బిగించారు. పెద్ద డ్రమ్ము వాయించే కర్రి సింహాద్రి తన డ్రమ్ము పక్కన మెరుస్తున్న మీటని చాలాసేపు చూశాడు. దాని కింద రంధ్రం లేదు. నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది.

"దీంతో ఏటి సెయ్యాల మేడమ్?" అని హైమవతి గారిని అడిగాడు.

"నొక్కాలి."

"నొక్కితే ఏటవుద్ది?"

"నొక్కినట్టు నమోదవుతుంది."

సింహాద్రి తల ఊపాడు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మీట పట్టుకున్నాక డ్రమ్ము సగమే మోగింది. బ్యాండు కవాతులో అందరికీ కాళ్లు తడబడడం మొదలయింది.

రాజుగారు ఆ నెలలోనే పదవీ విరమణ చేశారు. వీడ్కోలు సభలో కమిషనరు గారు ఆయనకి వెండి పూతపూసిన మీట ఒకటి, అద్దాల పెట్టెలో పెట్టి బహూకరించారు. రాజుగారు దాన్ని రెండు చేతులతో అందుకుని ఇంటికి వెళ్లారు. ఆ తరవాత ఆయన బ్యాండు షెడ్డుకి రాలేదు. వానలు మొదలయ్యేసరికి నిద్రలోనే పోయారు.

కబురు తెలిసి ఎల్లాజీ పరిగెత్తాడు. రాజుగారి భార్య సీతాయమ్మ గారు గడప దగ్గర కూర్చుని ఉన్నారు. అతన్ని చూసి, "ఆయన ఓడల్ని సాగనంపడానికి రాసిన పాట ఉండేది చూడు. కింద కిందనే తిరుగుతుంది. ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు అది వాయించు నాయనా" అన్నారు.

అతను సరేనన్నాడు. బ్యాండు అంతా నల్లరిబ్బన్లు కట్టుకుని వచ్చింది. బ్యాండుతోపాటు లోవరాజూ వచ్చాడు, మడత కుర్చీతో. శాఖ బ్యాండు పాల్గొనేది ఏదైనా కార్యక్రమమే.

"పోద్ది అన్నా నా ఉద్యోగం" అన్నాడు లోవరాజు, ఎల్లాజీని గోడ వారకి తీసుకెళ్లి. అతని కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. "ప్రతి గీతంలోనూ నొక్కాలని ఉంది. నాలుగుసార్లయినా నొక్కు."

"ఇది మాస్టారి పాటరా. అంత పైకి ఎల్లదు. ఎక్కడ నొక్కమంటావు? నొక్కి ఊదితే కీసుమంటాది. ఆయన పాడె ముందు కీసుమనమంటావా?"

లోవరాజు జేబులోంచి ఉత్తర్వు తీసి మళ్లీ చదివాడు. పైనుంచి కిందికి చదివి, కింది నుంచి పైకి చదివాడు.

"అన్నా, ఇందులో నొక్కాలని ఉంది గానీ, నొక్కేటప్పుడు ఊదుతూ ఉండాలని ఎక్కడా లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ పాట చాలా నిదానంగా సాగుతుంది. వరసకీ వరసకీ మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ ఉంటుంది. ఎల్లాజీ పాట పొడుగునా కిందిస్థాయిలోనే వాయించాడు. వరస ముగిసి ఊపిరి తీసుకున్న ప్రతిసారీ బొటనవేలితో మూడో మీట టకటకమని నాలుగయిదుసార్లు నొక్కాడు. దారంతా జనం తలుపుల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఇన్ని నెలల్లో అతని వాద్యం విని లోపలికి పోని జనాన్ని చూడడం అదే మొదలు. లోవరాజు కుర్చీ తెరవకుండానే పక్కన నడుస్తూ, కళ్లు తుడుచుకుంటూ లెక్క రాసుకున్నాడు.

ఆ లెక్క కొంప ముంచింది.

అదివరకు ఏ కార్యక్రమంలోనూ అంత వినియోగం నమోదు కాలేదు. హైమవతి గారు పాత లెక్కలన్నీ పక్కన పెట్టి పరిశీలించి, లోవరాజుని గట్టిగా ప్రశ్నించి, ఒక నివేదిక తయారుచేశారు. ఊదే సమయంలో మీట వినియోగం తక్కువగానూ, ఊదని సమయంలో ఎక్కువగానూ ఉన్నట్టు తేలింది. కాబట్టి మీట వినియోగానికి ప్రధాన ఆటంకం ఊదడమే.

కమిషనరు గారు ఆ నివేదిక చదివి 'ఊదడమే' అన్న మాట కింద గీత గీశారట. తరవాత ఉత్తర్వు వచ్చింది. 'వాద్యకారులు ఊదుట, కొట్టుట మొదలగు ఆటంకములను విడనాడి, మీటల వినియోగముపైననే దృష్టి కేంద్రీకరించవలెను.'

డ్రమ్ము కర్రలు లోపల పెట్టి తాళం వేశారు. రోజూ పొద్దున్నే బ్యాండు షెడ్డులో వరసగా నిలబడి, వాద్యాలెత్తి, కొత్త మాస్టరు చెయ్యి ఊపినప్పుడల్లా మీటలు నొక్కేవారు. టకటకమని చిన్న చప్పుడు వచ్చేది, గోడమీద బల్లులు నడిచినట్టు.

"ఊదకండా జీతం ఇత్తన్నారు. పెదాలు మానాయి. కూడు తింటన్నావు. మరి మొకం అలాగెట్టుకున్నావేటి?" అని నూకరత్నం అడిగింది.

ఎల్లాజీ ఇంట్లో ఊదుకుందామంటే వాద్యాన్ని ఆటంకపూర్వకంగా వాడకూడదని పెట్టెమీద కాగితం అంటించారు. పాడె ముందు తను చేసిన తెలివైన పని మాస్టారి బ్యాండుని మూగదాన్ని చేసిందన్న బాధ అతన్ని లోపల తొలిచేస్తోంది. ఆ మాట భార్యతో కూడా అనలేకపోయాడు. రోజూ రెల్లు తడిపి, నోట్లో పెట్టుకుని, ఊదకుండా తీసి తుడిచి లోపల పెట్టేవాడు. ఆవిడ చూసింది.

ఇలా ఉండగా గవ్వలరేవు కొత్త జెట్టీకి మొదటి విదేశీ ఓడ వస్తోందని తెలిసింది. మంత్రిగారు స్వయంగా వస్తున్నారు. జెట్టీ నిండా షామియానాలు వేశారు. ఓడ మెల్లగా వచ్చి ఆనుకుంది. నావికులు తెల్లబట్టల్లో, పైన కటకటాల పొడుగునా వరసగా నిలబడ్డారు. కమిషనరు గారు చెయ్యెత్తారు. బ్యాండు కవాతు చేస్తూ ముందుకొచ్చి, ఆగి, వాద్యాలు పైకెత్తి, మీటలు నొక్కడం మొదలుపెట్టింది.

టకటకలు గాలిలో కలిసిపోయాయి. కాస్సేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పైన ఓడ కెప్టెను నుదురు ముడిచి చూశాడు. వాద్యాలన్నీ ఎత్తి, తలలు వంచి, శబ్దం చేయకుండా నిలబడ్డ బ్యాండుని ఆయన ఏ దేశంలోనూ చూడలేదు. కానీ ఇలాంటి నిశ్శబ్దానికి అన్ని దేశాల్లోనూ ఒకటే అర్థం ఉంటుందనుకున్నాడు. మెల్లగా టోపీ తీసి గుండెకి ఆన్చుకున్నాడు. అది చూసి నావికులందరూ టోపీలు తీశారు. వాళ్లని చూసి మంత్రిగారు లేచి నిలబడి తల వంచారు. షామియానా అంతా లేచింది.

మంత్రిగారు పెదవులు కదలకుండా కమిషనరు గారిని అడిగారు. "ఎవరు పోయారు?"

"విచారించి తెలియజేసుకుంటాం సార్" అన్నారు కమిషనరు గారు, అలవాటుకొద్దీ. పక్కకి తిరిగి హైమవతి గారిని అడిగారు. ఆవిడ లోవరాజుని అడిగారు. లోవరాజు వంగి ఎల్లాజీని అడిగాడు. ఎల్లాజీ మీట మీదనుంచి వేలు తీసేశాడు.

"మా రాజుగారు పోయారు బాబూ" అన్నాడు, నేరుగా మంత్రిగారికే వినపడేలా. "దాట్ల వెంకటపతిరాజు గారు. ఈ బ్యాండుని నిలబెట్టినోరు."

అందులో అబద్ధం లేదు. ఎప్పుడు పోయారని ఎవరూ అడగలేదు. మంత్రిగారు మైకు తీసుకుని రాజుగారి గురించి మాట్లాడారు. ఆయన తనకి వ్యక్తిగతంగా బాగా తెలుసని, ఆయన లేని లోటు పూడ్చలేనిదని చెప్పారు. రాజుగారు బతికుండగా ఆ శాఖలో ఆయన గురించి ఒక్క అధికారీ అంత మంచిగా మాట్లాడలేదు. ఊరందరితోపాటు ఓడని చూడ్డానికి వచ్చి షామియానా వెనక వరసలో నిలబడ్డ సీతాయమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆయనకి బాగా ఇష్టమైన పాటేదైనా ఇప్పుడు వాయించండి" అని ముగించారు మంత్రిగారు.

కమిషనరు గారి మొహం పాలిపోయింది. హైమవతి గారు ఆయన చెవిలో ఉత్తర్వు సంఖ్య చెప్పారు. ఆయన "మంత్రిగారి నోటిమాట మన రాతకి పైదా, కిందిదా?" అని అడిగారు. ఆవిడ అది తేల్చేలోపే ఎల్లాజీ రెల్లు నోట్లో పెట్టుకున్నాడు.

రాజుగారికి ఇష్టమైనది ఏడుపు పాట కాదు. పడవ పందేల కోసం ఆయన కుర్రతనంలో కట్టిన గంతులేసే పాట. ఎల్లాజీ ఊదాడు. ముందు గాలి తప్ప ఏమీ రాలేదు. తరవాత పాత బాతు అరిచింది. నావికుల్లో ఒకడికి నవ్వొచ్చి ఆపుకున్నాడు. మూడోసారికి పాట దొరికింది. ఎల్లాజీ ముందుకి సాగిపోతుంటే బూరాలు ఒకటొకటే వచ్చి కలిశాయి. సింహాద్రికి కర్రలు లేవు. రెండు అరచేతులతో డ్రమ్ముని బాదాడు. ఆ చేతులకి మీట తగిలి ఊడి సముద్రంలో పడింది. ఎవరూ వెతకలేదు.

నావికులు టోపీలు మళ్లీ పెట్టుకోవాలా వద్దా అని కెప్టెను కేసి చూశారు. కెప్టెను పాదం అప్పటికే తాళం వేస్తోంది.

మర్నాడు ఎల్లాజీకి సంజాయిషీ మెమో వచ్చింది. నిన్నటి కార్యక్రమంలో అనుమతి లేకుండా ఊదినందుకు కారణం చెప్పాలి. ఊదినంతసేపూ మూడో మీటని ఒక్కసారైనా వాడనందుకు కూడా చెప్పాలి. ఎల్లాజీ హైమవతి గారి బల్ల ముందే నిలబడి జవాబు రాసిచ్చాడు. మొదటిదానికి, మంత్రిగారు అడిగారు. రెండోదానికి, అవసరం పడలేదు.

ఆవిడ రెండో జవాబు మీద కలం మొన ఆనించారు.

"అవసరం పడకపోవడం అనేది ఏ నిబంధన కిందికి వస్తుంది?"

"నాకేటి తెలుసు మేడమ్. అవసరం పడనేదు, అంతే."

"ఒక వస్తువు మన అధీనంలో ఉండి, అవసరం పడకపోతే, అప్పుడు దాన్ని ఏం చెయ్యాలి?"

"ఉంచుకోవాల మేడమ్. పడినప్పుడు వాడుకోవాల."

ఆవిడ శాఖ నియమావళి మొత్తం తిరగేసినా ఆ మాటకి తగిన చోటు దొరకలేదు. వాడినవాటికి ఒక అధ్యాయం ఉంది, వాడనివాటికి ఒక అధ్యాయం ఉంది. ఉంచుకుని, అవసరం కోసం ఎదురుచూసేవాటికి ఏదీ లేదు. ఆవిడ ఫైలుని పైకి పంపారు. కమిషనరు గారు ఇంకా పైకి పంపారు. ఆ పైవాళ్లు 'అవసరము' అనే మాటకి నిర్వచనం కోరుతూ ఇంకో శాఖకి పంపారు. నిర్వచనం వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగించాలని ఆదేశం వచ్చింది. అయితే యథాతథం అంటే ఊదకపోవడమా, పైన ఊదడమా, మామూలుగా ఊదడమా అన్నది ఆ కాగితంలో లేదు. కొత్త మాస్టరు అడిగితే లోవరాజు ఒక నిమిషం ఆలోచించి, "అన్నిటికన్నా పాతదే యథాతథం" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో అతని పర్యవేక్షక పదవి పోయింది. మడత కుర్చీ తీసుకెళ్లి టీ బండివాడికిచ్చి, హాయిగా తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

హయగ్రీవరావు గారు స్థాయి పెరిగి రాజధానికి వెళ్లిపోయారు.

ఒక సాయంత్రం షెడ్డులో పడవ పందేల పాట సాధన చేస్తున్నారు. బయట సముద్రం ఆటు మీద వెనక్కి తగ్గి ఉంది. సింహాద్రికి కర్రలు తిరిగి వచ్చాయి, అందుకని డ్రమ్ము మామూలు కంటే గట్టిగా మోగుతోంది. పాట చివరికి వచ్చింది. అన్ని పడవల్నీ దాటుకుని ఒక పడవ గట్టుకేసి దూసుకొచ్చే చోటు అది. ఇన్నేళ్లూ ఎల్లాజీ అక్కడ అందరితోపాటు ఆగిపోయేవాడు. ఆ రోజు ఊపిరి ఆగలేదు. పాట ఇంకా పైకి పోతానంటోంది. పోనిచ్చాడు. వేలు దానంతటదే మూడో మీట మీదికి వెళ్లింది.

స్వరం సన్నగా లేచి, పైకప్పు రేకుల కింద నిలబడి, మెల్లగా కరిగింది. బూరాలు దించేశారు. సింహాద్రి కర్రలు గాల్లోనే ఆగిపోయాయి. బయట కుక్కలు అరవలేదు.

"అదేటన్నా?" అన్నాడు సింహాద్రి.

"మూడో మీట."

"పనికొత్తాదన్నమాట."

ఎల్లాజీ రెల్లు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "ఎప్పుడో ఒకపాలి" అన్నాడు.